ఉర్దూ మాస్టారి ‘షహ్’, నాన్న చెక్కు

మా ఇంట్లో ‘చెక్’ అనే మాట రోజూ ఎవరో ఒకరి నోట వినపడేది. నాన్నకి అది బ్యాంకులో కాగితం. అమ్మకి మంగళగిరి చీర మీద గళ్ళు. తాతయ్యకి చదరంగంలో ఎదుటివాడి రాజుకి పెట్టేది. ఎనభైల్లో గుంటూరులో బడికెళ్ళే నాకు మాత్రం, పరీక్ష పేపరు ఇచ్చేసే ముందు ఒకసారి చేసుకోమని అమ్మ మరీ మరీ చెప్పి పంపేది. ఈ నాలుగూ ఒకే మాటనీ, అది పుట్టుకతో ఇంగ్లీషుది కాదు, పారశీక దేశపు రాజుగారి బిరుదనీ నాకు మొట్టమొదట చెప్పింది ఒక ఉర్దూ మాస్టారు. ఆయన గురించీ తాతయ్య గురించీ రాయాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

మాది బ్రాడీపేట. గుంటూరు తెలిసినవాళ్ళకి బ్రాడీపేట అడ్రసు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఒకవైపు లైన్లు, వాటికి అడ్డంగా రోడ్లు. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అని రెండు అంకెలు చెబితే చాలు, రిక్షా అతను తిన్నగా ఇంటి ముందు దింపేవాడు. నాన్న బ్యాంకు ఉద్యోగి కాబట్టి ఆ ఇంట్లో అద్దెకి ఉండేవాళ్ళం. తాతయ్య సత్తెనపల్లి వైపు ఒక ఊళ్ళో కరణం. 1984లో రాష్ట్రమంతటా మునసబు, కరణాల పదవులు రద్దయ్యాక నానమ్మతో కలిసి మా దగ్గరికి వచ్చేశారు.

తరతరాలుగా ఒకే ఇంట్లో ఉండిపోయిన ఆ పెత్తనం పోవాల్సిందేనని నాన్నే అనేవారు, తాతయ్య పక్కన లేనప్పుడు. పెద్దయ్యాక ఆలోచిస్తే నాదీ అదే అభిప్రాయం. అయినా, తెల్లారేసరికి చేతిలో దస్త్రాలు లేకుండా పోయిన మనిషి ఎలా అయిపోతాడో దగ్గరుండి చూశాను. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని వరండాలో కుర్చీలో కూర్చునేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. ఊళ్ళో అయితే ఆ వేళకి అరుగు మీద పదిమంది ఉండేవాళ్ళట. అడంగల్ నకలు కావాలని ఒకరు, శిస్తు రసీదు పోయిందని ఇంకొకరు, పొలం హద్దు తగువని మరొకరు. బ్రాడీపేటలో ఆయన్ని పలకరించేది పాలవాడు, పేపరబ్బాయి.

ఉర్దూ మాస్టారు ఎలా పరిచయమయ్యారో నాకు గుర్తులేదు. నాజ్ సెంటర్ దగ్గర ఏదో టీ కొట్లో మాటా మాటా కలిసిందని నానమ్మ అనేది. ఆయన సంగడిగుంట నుంచి సైకిల్ మీద వచ్చేవారు. బడిలో ఉర్దూ, పారశీకం చెప్పి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, తెల్ల లాల్చీ, నెత్తిన టోపీ, జేబులో ఎప్పుడూ ఒక చిన్న సోంపు డబ్బీ. తెలుగు మాట్లాడితే అచ్చం మన పల్నాటి పెద్దమనిషే. తాతయ్యని ‘కరణం గారూ’ అని పిలిచేవారు. పదవి పోయిన తర్వాత కూడా ఆ పిలుపు మానని మనిషి గుంటూరులో ఆయనొక్కరే. తాతయ్య ఆయన్ని ‘మాస్టారూ’ అనేవారు. మేము పిల్లలం కూడా అలాగే పిలిచేవాళ్ళం.

ఇద్దరినీ కలిపింది చదరంగం. తాతయ్య ఊరి నుంచి తెచ్చుకున్న సామాన్లలో ఒక గుడ్డ సంచీ ఉండేది. దాన్లో లక్క పూసిన కర్ర పావులు, వాటితోపాటు మడతపెట్టిన ఒక ఎర్ర బట్ట. ఆ బట్టే బల్ల. దాని మీద నలుపూ తెలుపూ గళ్ళు ఉండవు. ఎర్ర బట్ట మీద నల్ల దారంతో అడ్డగీతలు, నిలువు గీతలు కుట్టి ఉంటాయి, అంతే. మన దేశంలోనూ, ఇరాన్‌లోనూ పాతకాలం బల్లలన్నీ ఇలాగే ఒకే రంగులో ఉండేవి. ఒక గడి నల్లగా, ఒక గడి తెల్లగా వేసే అలవాటు ఆట యూరప్ చేరాక వచ్చింది. అది నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా, బడిలో స్నేహితుల దగ్గరున్న ప్లాస్టిక్ చెస్ బోర్డుకీ మా ఇంటి ఎర్ర బట్టకీ పోలికే లేదని.

ఆట పద్ధతి కూడా వేరు. బంటు మొదటి ఎత్తులోనైనా సరే ఒక్క గడే కదలాలి. రాజుకి కోట కట్టడం ఉండదు. దానికి బదులు, ఒక్కసారైనా చెక్ పడకముందు, రాజు ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి గుర్రంలాగా దూకొచ్చు. ఆ దూకుడు ఎప్పుడు వాడుకోవాలన్న దాని మీదే సగం ఆట నడిచేది. మాస్టారు తొందరపడి ముందే దూకించేసేవారు. తాతయ్య చివరిదాకా దాచుకునేవారు. దాచుకుని దాచుకుని, దూకేలోపే చెక్ పడి ఆ హక్కు కాస్తా పోగొట్టుకున్న ఆటలు కూడా చాలా ఉన్నాయి.

పావుల పేర్ల దగ్గర వీళ్ళిద్దరికీ ఉండే తేడా చూడ్డానికే నేను హోంవర్కు వదిలేసి వరండాలో కూర్చునేవాణ్ణి. మనకి మూలన ఉండేది ఏనుగు. రాజు, మంత్రి పక్కన ఉండేది శకటు. మాస్టారికి మూలన ఉండేది రుఖ్. రాజు పక్కనున్న దాన్ని ఆయన ‘ఫీల్’ అనేవారు. ఫీల్ అంటే పారశీకంలో ఏనుగే. అంటే ఒకే బట్ట మీద ఇద్దరు ముసలివాళ్ళు ఆడుతున్నారు, ఇద్దరి ఏనుగులూ వేరు. “మీ ఏనుగు పోయింది మాస్టారూ” అని తాతయ్య అంటే, “నా ఫీల్ ఇక్కడే ఉంది కదండీ, పోయింది రుఖ్” అని ఆయన. ఆ రుఖ్ ఇంగ్లీషులోకి వెళ్ళి రూక్ అయింది. మంత్రి విషయంలో మాత్రం ఇద్దరికీ తగువు లేదు. ఆయన ‘ఫర్జీన్’ అన్నా, ‘వజీర్’ అన్నా, అర్థం మంత్రే. యూరప్ వాళ్ళే ఆ మంత్రిని రాణిని చేశారు. 15వ శతాబ్దం చివర్లో బల్ల మీద ఎటైనా ఎంత దూరమైనా పోయే బలం ఇచ్చారు. అంతకుముందు మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు.

ఇక అసలు సంగతి. రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు తాతయ్య ‘రాజుకి చెక్’ అనేవారు. మాస్టారు ‘షహ్!’ అనేవారు. గట్టిగా అరిచేవారు కాదు, గొంతు తగ్గించి, ఎదుటి మనిషికి మర్యాదగా హెచ్చరిక చేస్తున్నట్టు అనేవారు. ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగేశాను, మీరు చెక్ అనకుండా షహ్ అంటారేంటి మాస్టారూ అని. తాతయ్య బట్ట మీంచి తలెత్తకుండా “మాస్టారిది ఉర్దూ, నాది ఇంగ్లీషురా” అన్నారు.

మాస్టారు సోంపు డబ్బీ తీసి, నాకు కాస్త, తాతయ్యకి కాస్త పెట్టి, అప్పుడు చెప్పారు. “రెండూ ఒకటే నాయనా. షహ్ అంటే షాహ్. షాహ్ అంటే రాజు. ఇరాన్‌లో ఆడేవాళ్ళు రాజు మీదికి ఎత్తు వేస్తే ‘రాజు, జాగ్రత్త’ అని చెప్పాలి. అందుకని షాహ్ అనేవాళ్ళు. అరబ్బుల చేతిలో పడింది, అక్కణ్ణుంచి లాటినోళ్ళకి పోయింది, ఫ్రెంచోళ్ళకి పోయింది, ఇంగ్లీషోళ్ళకి వచ్చేసరికి చెక్ అయి కూర్చుంది. మీ తాతయ్య పెట్టేది కూడా షహ్‌యే.” తాతయ్య అప్పుడు తలెత్తి చూశారు.

ఆ సాయంత్రం ఆట సాగలేదు. మాస్టారు నౌషీర్వాన్ కథ చెప్పారు. ఇరాన్‌ని ఏలిన ఖుస్రో అనే చక్రవర్తి, నౌషీర్వాన్ అని బిరుదు, 6వ శతాబ్దం వాడు. ఆయన కొలువుకి హిందూ దేశపు రాజు ఒక బల్లనీ పావుల్నీ పంపాడు. ఆట ఎలా ఆడాలో చెప్పలేదు. ఆలోచించి కనిపెడితే మేమే మీకు కప్పం కడతాం, చేతకాకపోతే మీరే మాకు కట్టాలి, అని పందెం. నౌషీర్వాన్ మంత్రి బుజుర్జ్‌మెహర్ బల్ల ముందు కూర్చుని ఆట మొత్తం విప్పి చెప్పేశాడు. అంతటితో ఊరుకోకుండా తనే ఒక పాచికల ఆట తయారుచేసి హిందూ దేశానికి తిరిగి పంపాడు. ఇక్కడివాళ్ళు దాన్ని విప్పలేకపోయారు. పారశీక కవి ఫిరదౌసి రాసిన షానామా కావ్యంలో ఈ కథ ఉంది. వినుకొండ జాషువా గారి కావ్యం పుణ్యమా అని ఫిరదౌసి పేరు మా జిల్లాలో పద్యం ముక్క వచ్చిన ప్రతివాడికీ తెలుసు. తాతయ్యకీ తెలుసు. చాలా సంబరపడ్డారు. కథలో ఆయనకి అన్నిటికంటే నచ్చింది ఆట కాదు, కప్పం సంగతి. “చూశారా మాస్టారూ, ఎంత పెద్ద కథైనా చివరికి శిస్తు ఎవరు కట్టాలన్న దగ్గరికే వస్తుంది” అన్నారు. ఊరి నుంచి వచ్చాక ఆయన అంత గలగలా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

కథ సంగతి ఎలా ఉన్నా, మాట ప్రయాణం మాత్రం నిజం. మన చతురంగమే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, నాలుగు అంగాలు. ఇరాన్ వెళ్ళి చత్రంగ్ అయింది. అరబ్బీలో ‘చ’ లేదు, ‘గ’ లేదు, కాబట్టి శత్రంజ్ అయింది. స్పెయిన్ వాళ్ళు ఆ పేరునే పట్టుకుని అహెద్రెజ్ అంటారు. తక్కిన యూరప్‌లో చాలామంది ఆట పేరు వదిలేసి రాజు పేరు పట్టుకున్నారు. లాటిన్‌లో స్కాకి, పాత ఫ్రెంచిలో ఎస్చెక్, దాని బహువచనం నుంచే ఇంగ్లీషు చెస్. జర్మన్లు షాఖ్ అంటారు. రష్యన్లయితే రాజుతో పాటు అతని ఓటమిని కూడా కలుపుకుని ఆటకే ‘షాహ్‌మతి’ అని పేరు పెట్టుకున్నారు. ఈ రష్యన్ సంగతి నాకు విజయవాడలో తెలిసింది. స్వరాజ్య మైదానంలో పుస్తకాల ఎగ్జిబిషన్ జరిగేది. ఇప్పుడు అక్కడ అంబేద్కర్ విగ్రహం ఉంది. ఆ ఎగ్జిబిషన్‌లో నాన్న నాకు సోవియట్ వాళ్ళు అచ్చేసిన ఇంగ్లీషు చెస్ పుస్తకం ఒకటి కొనిపెట్టారు. దళసరి అట్ట, తక్కువ ధర, విప్పితే ఒక రకమైన జిగురు వాసన. మొదటి పేజీలో చిన్న అక్షరాల్లో రష్యన్ పేరు ఉంటే, స్టాల్లో ఉన్న పెద్దాయన చదివి వినిపించారు. ఇంటికొచ్చి మాస్టారికి చెబితే, “షాహ్ మాత్! వాళ్ళు మొత్తం ఉంచేశారన్నమాట” అని మురిసిపోయారు.

ఆ ‘మాత్’ గురించి మాస్టారికి ఒక పట్టుదల ఉండేది. చెక్‌మేట్ అంటే రాజు చచ్చాడని చాలామంది చెబుతారు. అరబ్బీలో ‘మాత’ అంటే చనిపోయాడనే అర్థం, అందువల్ల. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. పారశీకంలో మాత్ అంటే నివ్వెరపోయి, ఏం చెయ్యాలో పాలుపోక నిలబడిపోవడమట. “ఆటలో రాజుని ఎవరైనా చంపడం చూశావా? బంటుని చంపుతారు, గుర్రాన్ని చంపుతారు, బట్ట మీంచి తీసేస్తారు. రాజు అక్కడే ఉంటాడు. పోవడానికి గడి ఉండదు, అంతే” అనేవారు. ఈ మాట విషయంలో పండితులు కూడా ఎక్కువగా మాస్టారి వైపే మొగ్గుతారని తర్వాత చదివాను. తెలుగులో మనం ‘ఆట కట్టు’ అంటాం. దాన్లోనూ చావు లేదు, కట్టుబడిపోవడమే ఉంది.

ఆయన ఇది చెప్పిన రోజు తాతయ్య ఏమీ అనలేదు. పావులన్నీ ఒక్కొక్కటే సంచీలో వేసి మూతి బిగించారు. మాస్టారు మగ్రిబ్ నమాజు వేళవుతోందని లేచి, సైకిల్ స్టాండు తీస్తూ “రేపు మీ వంతు తెల్ల పావులు కరణం గారూ” అన్నారు. వంతులు ఎప్పుడూ తాతయ్య లెక్క ప్రకారమే నడిచేవి, ఆయన క్యాలెండరు వెనకాల రాసి పెట్టుకునేవారు. ఆ రోజు మాత్రం మాస్టారే గుర్తుపెట్టుకుని చెప్పారు.

నాన్న చెక్కు గురించి చెప్పాలి. పల్లెటూళ్ళలో అందరూ చెక్కు అనే అనేవారు. బ్యాంకుకి మిర్చి రైతులు వచ్చేవాళ్ళు. యార్డులో సరుకు అమ్మితే కమిషన్ వ్యాపారి చెక్కు ఇచ్చేవాడు. దాన్ని జేబులో కాదు, పంచె మడతలో, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చి కౌంటర్ మీద పరిచేవాళ్ళు. ఇత్తడి టోకెన్ ఇచ్చి కూర్చోమనేవారు. సెలవుల్లో నేను నాన్న దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ టోకెన్లు చూడ్డమే నాకు పెద్ద పండగ. గుండ్రంగా, బరువుగా, అంకె అరిగిపోయి, మధ్యలో చిన్న చిల్లుతో ఉండేవి. నాన్న చెక్కు మీద సంతకాన్ని స్పెసిమన్ కార్డులో సంతకం పక్కన పెట్టి చూసేవారు. ముందు మొత్తం చూపు, తర్వాత ఒక్కో అక్షరం వంపు, చివర్లో కింద గీసిన గీత. రైతు నిలబడే ఉండేవాడు, కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. సంవత్సరం కష్టం ఆ కాగితం ముక్కలో ఉంది, టెన్షన్ ఉండదా మరి. లెడ్జరులో ఎంట్రీ వేసి ఎర్ర సిరాతో టిక్కు పెట్టాక నాన్న “పాసైందయ్యా” అనేవారు. అప్పుడు కూర్చునేవాడు.

ఈ చెక్కు కూడా ఆ షాహ్ సంతానమే. దారి చెబుతాను. చదరంగంలో చెక్ పడగానే ఆడేవాడు అనుకున్న ఎత్తు మానుకుని ఆగాలి. అలా ఇంగ్లీషులో చెక్ అంటే ఆపడం, అడ్డుకోవడం అయింది. అడ్డుకుని ఏం చేస్తారు? సరిచూస్తారు. అలా తనిఖీ అనే అర్థం వచ్చింది. డబ్బు ఇవ్వమని రాసిన కాగితానికి జోడుగా ఒక ముక్కని విడిగా ఉంచుకుని, మోసం జరగకుండా రెండూ సరిచూసేవారు. ఆ సరిచూసే ముక్కకి చెక్ అని పేరు. పోను పోను ముక్క పేరు మొత్తం కాగితానికి వచ్చేసింది. అమెరికా వాళ్ళు ఇప్పటికీ బ్యాంకు చెక్కునీ చదరంగపు చెక్‌నీ ఒకే స్పెల్లింగుతో రాస్తారు. బ్రిటిష్ వాళ్ళు, వాళ్ళని చూసి మనమూ, బ్యాంకు చెక్కులో ‘క్యూ’ అక్షరం పెట్టి రాస్తాం. అది ఎక్స్‌చెకర్ అనే ఇంకో మాట నీడ పడి వచ్చిన స్పెల్లింగు. (మనం ‘చెక్కు చెదరలేదు’ అంటామే, ఆ చెక్కుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. అది అచ్చతెలుగు చెక్కు.)

ఎక్స్‌చెకర్ సంగతి నాకు హిందూ కాలేజీలో చదివే రోజుల్లో దొరికింది. లైబ్రరీలో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తుంటే, ఇంగ్లాండు ఖజానా శాఖ పేరు చదరంగం బల్ల నుంచి వచ్చిందని ఉంది. ఎందుకొచ్చిందో వెతుక్కుంటూ పోతే ఎంత బాగుందో! 12వ శతాబ్దంలో ఇంగ్లాండు రాజుల దగ్గర ఒక పెద్ద బల్ల ఉండేది. పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తున అంచు, పైన పెట్టినవి కింద పడకుండా. దాని మీద నల్ల గుడ్డ పరిచేవారు. గుడ్డ మీద గీతలు. గీతల మధ్య వరసల్లో బిళ్ళలు పెట్టి లెక్క కట్టేవారు. ఒక వరస పెన్నీలకి, ఒకటి షిల్లింగులకి, ఒకటి పౌన్లకి, ఆపైన ఇరవైలు, వందలు, వేలు. అప్పటికి వాళ్ళకి సున్నా చేరలేదు, రోమన్ అంకెలతో కూడికలు చెయ్యాలంటే ప్రాణం పోతుంది. కాబట్టి ఈ బల్లే వాళ్ళకి లెక్కల పుస్తకం. కౌంటీల్లో శిస్తు వసూలు చేసే షెరీఫులు ఏడాదికి రెండుసార్లు వచ్చి ఈ బల్ల ముందు లెక్క అప్పజెప్పాలి.

అప్పటి కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే ఆయన 1170ల చివర్లో ఈ పద్ధతంతా ఒక గురువు శిష్యుడికి చెబుతున్నట్టు లాటిన్‌లో రాసిపెట్టాడు. ఆ బల్లని చదరంగం అని ఎందుకంటారని శిష్యుడు అడుగుతాడు. చూడ్డానికి అలా ఉంటుందని మొదట చెబుతాడు గురువు. అదొక్కటేనా కారణం అని మళ్ళీ అడిగితే, చదరంగంలో ఇద్దరు రాజుల మధ్య యుద్ధం జరిగినట్టే ఇక్కడ ఇద్దరి మధ్య పోరు నడుస్తుంది అంటాడు: ఒకవైపు కోశాధికారి, ఎదురుగా లెక్క అప్పజెబుతున్న షెరీఫ్, చుట్టూ కూర్చుని చూసేవాళ్ళు. ఇంగ్లాండు ఆర్థిక మంత్రిని ఈరోజుకీ ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అనే అంటారు. అంటే చదరంగం బల్ల ముందు కూర్చునే అధికారి.

ఇంటికొచ్చి ఇది తాతయ్యకి చెప్పాను. అప్పటికి ఆయనకి చూపు బాగా తగ్గింది, ఆట కూడా తగ్గింది. అంతా విని, “ఇంతేనా, జమాబందీయేగా!” అన్నారు. ఆ తర్వాత ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. జమాబందీకి, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీకి పిలుపొస్తే ఫసలీ (శిస్తు సంవత్సరం) మొత్తం లెక్కలు మూటగట్టుకుని తాలూకా కచేరీకి బండి కట్టించుకుని వెళ్ళేవారట. ఎదురుగా అధికారి, పక్కన పేష్కారు, చుట్టూ మిగతా ఊళ్ళ కరణాలు. ఏ సర్వే నంబరులో ఏ పైరు వేశారు, ఎంత రెమిషన్ (శిస్తు తగ్గింపు) ఇచ్చారు, ఎంత బాకీ, ఎందుకు బాకీ. ఒక్క అణా తేడా వచ్చినా అక్కడే తేలాలి. రాత్రంతా నిద్ర ఉండేది కాదట. ఎక్కడ ఏ ప్రశ్న వస్తుందో, దానికి ఏ కాగితం తీసి చూపించాలో, ఎత్తుకు పై ఎత్తు ముందే ఆలోచించి పెట్టుకునేవారట. “వాళ్ళకి గుడ్డ, మాకు దస్త్రం. తేడా ఏముందిరా” అన్నారు. ఆయన మాటల్లో వచ్చిన జమాబందీ, ఫసలీ, పేష్కారు, దస్త్రం, రసీదు, ఇవన్నీ పారశీకం మోసుకొచ్చి మనకిచ్చిన మాటలే. రసీదు అంటే ‘చేరింది’ అని అర్థమని మాస్టారు ఎప్పుడో చెప్పారు. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వెళ్ళింది. తెల్లదొరలు వచ్చినా ఈ మాటలు ఎక్కడికీ పోలేదు. ఒక దారిన షాహ్ లండన్ వెళ్ళి ఖజానా బల్ల అయ్యాడు. ఇంకో దారిన ఆయన కొలువులోని మాటలు వచ్చి మా తాతయ్య దస్త్రంలో కూర్చున్నాయి. అది నాకు ఆ రోజు వరండాలో తట్టి ఒళ్ళు జలదరించింది. ఇప్పటికీ ఈ ముక్క ఎవరికి చెప్పినా అదే సంతోషం.

అమ్మ చెక్స్ గురించి చెప్పాల్సింది కొంచెమే. చదరంగం బల్ల గళ్ళ పేరే గళ్ళ బట్టకి వచ్చింది. మంగళగిరిలో నేతగాళ్ళ ఇంటికే వెళ్ళి చీర తెచ్చుకోవడం అమ్మకి ఇష్టం. గుంటమగ్గం ముందు కాళ్ళు కిందికి దించుకుని కూర్చున్న పెద్దాయన, “చెక్స్ చూపించమంటారా అమ్మా, ప్లెయినా?” అని అడిగేవాడు. నానమ్మ పక్కనుంచి “గళ్ళ చీర చూపించు నాయనా, చెక్స్ ఏంది” అనేది. అదే చీర. పడుగులో రెండు రంగులు, పేకలో రెండు రంగులు, అవి దాటుకున్న చోటల్లా గడి. చీర అంచుని నిజాం బోర్డరు అనేవాళ్ళు. అమ్మ ఇప్పటికీ బీరువాలో ఒకటి దాచుకుంది, నేరేడు రంగు మీద సన్న గళ్ళు.

బస్సులో ‘చెకింగ్ వచ్చింది’ అనే గుసగుస, విజయవాడ స్టేషన్లో నల్లకోటు, ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు, పేపర్లో ఫలానా నాయకుడికి ఫలానా నాయకుడు చెక్ పెట్టాడనే హెడ్డింగు. వీటన్నిటిలో ఆ రాజుగారే ఉన్నారు. హెడ్డింగు రాసే సబ్ ఎడిటర్ మాత్రం తెలియకుండానే చదరంగం దగ్గరికి మళ్ళీ వెనక్కి వెళ్తున్నాడు. ‘పెట్టడం’ అనే క్రియ అక్కడిదే కదా.

మాస్టారు పోయిన వార్త తాతయ్యకి నాన్నే చెప్పారు. తాతయ్య రిక్షా కట్టించుకుని సంగడిగుంట వెళ్ళారు. నన్ను తీసుకెళ్ళలేదు. ఆ తర్వాత నాతో ఆడేవారు, గళ్ళు వేళ్ళతో తడుముకుంటూ. ఎత్తు వేసి ‘షహ్’ అనేవారు. చెక్ అనడం మానేశారు.

మా ప్రాంతం ఆ తర్వాత చదరంగంలో ఎంత పైకి వెళ్ళిందో ఆ ఇద్దరూ చూడలేదు. గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్. 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ద్రోణవల్లి హారికదీ గుంటూరే, 2011లో గ్రాండ్‌మాస్టర్. ఇంతమంది ఈ కృష్ణ ఒడ్డు నుంచే వచ్చారంటే నాకు చెప్పలేనంత గర్వం. హంపి గెలిచిన ప్రతిసారీ నాన్న నాకు ఫోన్ చేస్తారు, నేను అప్పటికే చూసేసి ఉంటానని తెలిసినా సరే.

మా అన్నయ్య మనవరాలు ఫోన్లో ఆడుతుంది. చాలా బాగా ఆడుతుంది, నాకంటే నయం. బిషప్, రూక్, క్వీన్ అంటుంది. శకటు అంటే ఏంటని అడిగింది మొన్న. చెప్పాను. మంత్రి సంగతి, రుఖ్ సంగతి, మాస్టారి ఫీల్ సంగతి కూడా చెప్పాను. రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు అంటే నమ్మలేదు. యాప్ ఒప్పుకోదు కదా. ఎర్ర బట్ట అన్నయ్య దగ్గరే ఉంది, అది తీయించి ఇద్దరం ఆ పద్ధతిలో ఆడాం. రాజుని ఎప్పుడు దూకించాలో ఆ పిల్ల రెండో ఆటకే పట్టేసింది.

ఆ ఎత్తుకి తాతయ్య వాళ్ళ ఊళ్ళో ఒక ప్రత్యేకమైన పేరు ఉండేది. నాన్నకీ గుర్తు రావడం లేదు. మన కృష్ణా, గుంటూరు పల్లెల్లో పాత పద్ధతిలో ఆడిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఒకసారి అడగండి: రాజు దూకుడుని ఏమనేవారు, చెక్ అనే మాట ఊళ్ళోకి రాకముందు రాజు మీదికి ఎత్తు వేసి ఏమనేవారు, బంటు అవతలి చివరికి చేరితే ఏమయ్యేది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే రాసి పెట్టుకోండి. వీలైతే నాకూ చెప్పండి.